పలాసలో సర్వర్, విజయనగరంలో నేను: ఎఫ్1 నొక్కడానికి రైలెక్కాల్సిందేనా?

ప్రశ్న (విజయనగరం నుంచి):
నమస్కారమండీ. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో మూడు సర్వర్లు చూసుకుంటున్నాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వాటిలో పాతది ‘ఎఫ్1 నొక్కండి’ అంటూ ఆగిపోతోంది. విండోస్ లేవందే, దూరం నుంచి తెర చూపించే ఎనీడెస్క్ ఏం చేస్తుంది? అక్కడి కుర్రాడికి ఫోన్ చేస్తే ‘మానిటర్ వైరు ఏ పెట్టెకుందో తెలీట్లేదు సార్’ అంటాడు. మొన్న ఆ ఒక్క మీట కోసం పొద్దున్నే రైలెక్కాను. సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిది పోర్టుల ఐపీ కేవీఎం (సర్వర్ల తెర, కీబోర్డు, మౌస్‌లను నెట్‌వర్క్ మీదుగా వాడనిచ్చే పెట్టె) దొరికింది. రూటర్లో పోర్ట్ ఫార్వర్డ్ చేసి, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా దానికి దారి తెరిచి, ఇంటి నుంచే చూసుకోవచ్చా?

జవాబు 1:
కేవీఎం కొనండి గానీ, పోర్ట్ ఫార్వర్డ్ మాత్రం వద్దండీ. దాని పాస్‌వర్డ్ దొరికినవాడు మీ సర్వర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే. విండోస్ కన్నా ముందు లేచే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్తాడు, ఆ పెట్టెలో వర్చువల్ మీడియా (దూరం నుంచే డిస్క్ పెట్టే సౌకర్యం) ఉంటే తన ఐఎస్ఓ, అంటే డిస్క్ కాపీ ఫైల్, తగిలించి బూట్ కూడా చేసుకుంటాడు. పాత పెట్టెలకు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి. కొన్నింటికి జావా ప్లగిన్ కావాలి, ఇప్పటి బ్రౌజర్లలో అది నడవదు. డబ్బులిచ్చేముందు మీ ల్యాప్‌టాప్‌లోనే తెరిచి చూపించమనండి.

దారి వీపీఎన్, అంటే ఇంటర్నెట్‌లో మీకు మాత్రమే తెరుచుకునే తాళం వేసిన సొరంగం. దానికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అక్కడ 4జీ సిమ్ ఉంటే దానికి సాధారణంగా సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, బయటి నుంచి మీరు పిలిచినా పలకదు. అలాంటప్పుడు పలాస వైపు నుంచే ఒక చిన్న క్లౌడ్ మెషీన్‌కి కనెక్షన్ వెళ్లేలా పెట్టి, మీరూ దాని మీదుగా వెళ్లండి.

జవాబు 2:
కొనేముందు సర్వర్ల వెనక ఒకసారి చూడండి. మామూలు ల్యాన్ సాకెట్లు కాక విడిగా ఇంకొకటి ఉందా? సర్వర్‌ని దూరం నుంచి చూసుకోవడానికి అందులోనే ఉండే ఆ ఏర్పాటుని డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐలో అంటారు. ఆఫ్ అయిన సర్వర్‌ని ఆన్ చేయడం వాటితో అవుతుంది, వట్టి కేవీఎంతో అవదు. తెర పూర్తిగా చూడాలంటే లైసెన్స్ అడుగుతాయి, అదొక్కటే చిరాకు.

ఇంతకీ ఎఫ్1 ఎందుకు అడుగుతోంది? ఆ లైనుకి పైన రాసింది ఎవరూ చదవరు! తేదీ తప్పుగా ఉంటే, కరెంటు లేనప్పుడు గడియారాన్నీ బయోస్ సెట్టింగులనూ నిలబెట్టే సీమోస్ బ్యాటరీ అయిపోయినట్టే. చాలా బోర్డుల్లో ఉండేది సీఆర్2032 బిళ్ల, వాచీ కొట్లో కూడా దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కుర్రాడు ఫోటో పంపాడు. తేదీ 2009 జనవరి 1! బిళ్ల మార్పించాను. కేవీఎం కూడా వచ్చింది, వీపీఎన్‌లో తెరుచుకుంది. కానీ నా మౌస్ ఒకచోట, సర్వర్ మౌస్ జానెడు దూరంలో ఇంకోచోట.

జవాబు 2:
కేవీఎంలో అబ్సల్యూట్ మౌస్ మోడ్ (మీ మౌస్ ఉన్న చోటే సర్వర్ మౌస్‌నీ ఉంచేది) ఉంటే పెట్టండి. లేకపోతే విండోస్ మౌస్ సెట్టింగుల్లో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ టిక్ తీసేయండి. తెర నత్తనడక నడిస్తే రిజల్యూషన్ 1024×768కి దించండి. బ్యాటరీ పోయినప్పుడు బయోస్ సెట్టింగులూ పోయి ఉంటాయి, కరెంటు రాగానే తనంతట తాను ఆన్ అయ్యే ఆప్షన్ మళ్లీ పెట్టండి.

జవాబు 1:
రూటర్, కేవీఎం రెండూ యూపీఎస్ మీదే ఉన్నాయా? సర్వర్ బతికి రూటర్ చస్తే మళ్లీ రైలే. 2018లో తిత్లీ తుఫానుకి మా వైపు స్తంభాలే ఒరిగిపోయాయి, అప్పుడైతే ఏ పెట్టె ఉన్నా ఒకటే అనుకోండి.

ప్రశ్న అడిగినవారు:
యూపీఎస్‌లో ఖాళీ లేదంటే ఫోటో తెప్పించి చూశాను. ఒక సాకెట్‌లో కుర్రాడి ఫోన్ ఛార్జర్ ఉంది. తీయించి రూటర్ పెట్టించాను.