పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష తప్పనిసరి చేయాలా?

కొత్తనాన్న_కాకినాడ:
డిశ్చార్జి రోజు పాప చెవి పరీక్షలో ఎడమ చెవికి 'రిఫర్', అంటే మళ్ళీ పరీక్ష చేయించాలి అని రాశారు. మళ్ళీ చేయించి బాగానే ఉందని తెలిసేదాకా రెండు వారాలు ఇంట్లో నిద్ర లేదు, మా ఆవిడ పచ్చి బాలింత, ఏడుస్తూనే ఉంది. ఇంత టెన్షన్ అందరికీ ఎందుకు? నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు, కామెర్లు బాగా ఎక్కువైనవాళ్ళకు, ఇంట్లో ఎవరికైనా పుట్టు చెవుడు ఉన్నవాళ్ళకు చేస్తే చాలదా?

బుజ్జిగాడి_అమ్మ:
చాలదండీ. మా వాడికి మీరు చెప్పినవాటిలో ఒక్కటీ లేదు. మాది మేనరికం కూడా కాదు. పళ్ళెం మోగిస్తే ఉలిక్కిపడేవాడు, వినబడుతోందనే అనుకున్నాం. అదురు ఒంటికి తగిలినా, చెయ్యి కదలడం కంటబడినా పిల్లలు అలాగే చేస్తారని తర్వాత తెలిసింది. ఏడాదిన్నరైనా మాట రాకపోతే మా అత్తగారు వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాసేవారు, వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయనేవారు. శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో చూసి చెవుడు నిర్ధారించే బెరా పరీక్ష చేయించేసరికి రెండేళ్ళు నిండాయి. పుట్టుకతో వినికిడి లోపం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి ముందు సూచనలేవీ ఉండవని ఆ రోజే విన్నాను. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చెవి మిషన్, శిక్షణ మొదలవ్వాలట. మాకు మూడు గడువులూ దాటిపోయాయి.

పిల్లల_డాక్టర్:
మొదటి రోజే చేస్తే చెవిలో ఉమ్మనీరు, తెల్లటి జిడ్డు ఉండి చాలామంది రిఫర్ అవుతారు. 24 గంటలు గడిచాక చేయాలి, రిఫర్ అంటే చెవుడు కాదని తల్లికి ముందే చెప్పాలి. కానీ తప్పనిసరి అంటే నేను ఒప్పుకోను. పిల్లల్లో లోపాలను ముందే గుర్తించడానికి 2013లో మొదలైన కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కే జాబితాలో పుట్టు చెవుడు ఉంది, కాగితం మీద లోటేమీ లేదు. మా ఊళ్ళో ఈ మొదటి పరీక్ష చేసే ఓఏఈ మెషీన్ కూడా ఉంది, బెరాకి మాత్రం మూడు గంటల ప్రయాణం, స్పీచ్ థెరపిస్టు లేరు. రిఫర్ అని రాసి పంపితే మళ్ళీ వచ్చేదెందరు?

బుజ్జిగాడి_అమ్మ:
డాక్టర్ గారూ, ఆ దూరం తిరిగినదాన్నే నేను. ఇప్పుడు పరీక్ష మానేస్తే రెండేళ్ళకైనా అదే బస్సు ఎక్కాలి, అప్పటికి పిల్లాడు మాటలు నేర్చే వయసు సగం పోతుంది. ప్రతి ఆసుపత్రీ మెషీన్ కొననక్కర్లేదు, కొచ్చిలో 2003లో మొదలుపెట్టినప్పుడు ఒకే కేంద్రం నుంచి మనిషినీ మెషీన్‌నీ ఆసుపత్రులకు తిప్పారు. రెండో పరీక్ష ఆరో వారం టీకా రోజునే పెట్టండి, తల్లి ఎలాగూ బిడ్డనెత్తుకుని వస్తుంది. కాకినాడ నాన్నగారూ, పాప పాసైనా గమనిస్తూ ఉండండి, కొందరికి వినికిడి తర్వాత కూడా తగ్గుతుంది. మీరు కనబడకుండా, వెనక నుంచి మెల్లగా పిలిచి చూడండి.