విన్న పుస్తకం చదివినట్టేనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఈ వానాకాలం నాలుగు మంచి పుస్తకాలు చదివాను. ఫకీర్ మోహన్ సేనాపతి 'ఛ మాణ ఆఠ గుంఠ', గోపీనాథ్ మొహంతి 'పరజా' ఒడియాలో. గురజాడ 'కన్యాశుల్కం', కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' మాత్రం రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. మధ్యలో మిరప తెగుళ్ల మీద ఒక చిన్న పుస్తకం కూడా. ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని దానివల్లే తెలిసింది, పెరట్లో సగం మొక్కలు బతికాయి.
నన్ను వదలనిది ఒకటే. పరజాలో సుక్రు జాని కుటుంబమంతా అప్పు తీర్చడానికి వెట్టి చేసే 'గోతి' కూలీలైపోతుంది, చివరికి కొడుకు గొడ్డలి ఎత్తి షావుకారుని నరికేస్తాడు. యజ్ఞంలో సీతారాముడు, తన కొడుకు కూడా ఆ అప్పుకి బానిస కాకూడదని కన్నబిడ్డనే చంపుకుంటాడు. రెండూ అప్పు కథలే కదా, మరి చెయ్యి అక్కడ అటు, ఇక్కడ ఇటు ఎందుకు లేచింది? ఎవరైనా చెప్పండి.

తెలుగు మాస్టారు (బరంపురం):
అమ్మా, నాలుగు చదివాను అన్నారు. చదివింది రెండు, విన్నది రెండు. విన్నదాన్ని చదివానంటే ఎలా? చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగుతాం, వెనక్కి వెళ్తాం. వినేటప్పుడు గిన్నెలు తోముకుంటూ కూడా కథ అయిపోతుంది.

రాయగడ రైలు:
చివర్లన్నీ చెప్పేశారు, ఇంక మేమేం చదవాలి!

మహేంద్రతనయ:
మాస్టారూ, కన్యాశుల్కం నాటకం. 1892లో విజయనగరంలో ముందు ఆడారు, 1897లో కదా అచ్చయింది. చెవి కోసం రాసినదాన్ని చెవితో వింటే తప్పెలా అవుతుంది? నేనూ వెనక్కి జరిపి విన్నాను, మధురవాణి మాటలైతే మూడేసి సార్లు.

తెలుగు మాస్టారు:
నాటకం సంగతి సరే, ఒప్పుకుంటాను. యజ్ఞం నాటకం కాదుగా?

గుణుపురం:
గిడుగు రామమూర్తి గారు సవర భాష ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారండీ? సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని విని నేర్చుకున్నారు. అదీ మన పర్లాకిమిడిలోనే.

తెలుగు మాస్టారు:
విని ఊరుకోలేదు బాబూ, వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. ఆయన వినడంతో ఆపేసి ఉంటే ఈ రోజు మన చేతిలో ఏముండేది? 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే డెబ్భై దాటిన వయసులో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయిన మనిషి ఆయన. అక్షరం పోతే ఏమవుతుందో ఆయనకి తెలుసు. నేను ఒక బడిలో ఇరవై రెండేళ్లు తెలుగు చెప్పాను. చేరినప్పుడు బెంచీలు చాలేవి కావు, చివరి ఏడాది ముగ్గురు పిల్లలు. ఆ తర్వాత తెలుగు సెక్షనే ఎత్తేశారు. ఎవరో వచ్చి లాక్కోలేదు, మన తల్లిదండ్రులే పిల్లల్ని తీసుకెళ్లి ఒడియా మీడియంలో వేశారు. ఇంత చక్కటి తెలుగు రాయగలిగిన మీరు కూడా పుస్తకం తెరవడానికి బద్ధకించి విన్నాను అంటుంటే నాకు కడుపు మండుతోంది.

మహేంద్రతనయ:
బద్ధకం అనకండి. నాకు తెలుగు అక్షరాలు రావు.
ఇక్కడ నేను పెట్టేదంతా ఫోన్‌కి చెప్పి రాయిస్తున్నదే. మీరు రాసినవి కూడా ఫోన్ చదివి వినిపిస్తేనే నాకు తెలుస్తున్నాయి. మీరు చెప్పిన ఆ తల్లిదండ్రుల్లో మా నాన్న ఒకరు. ఆయన ఉద్యోగం అర్జీ ఒడియాలో రాయలేక మూడుసార్లు వెనక్కి వచ్చారు, నా కూతురికి ఆ తిప్పలు వద్దనుకున్నారు. ఇంట్లో మాత్రం తెలుగు తప్ప ఇంకో మాట ఆడనిచ్చేవారు కాదు. ఒడియా చదువు నాకు అన్నం పెట్టింది, పరజాని ఇచ్చింది, దాన్ని నేను తక్కువ చేసుకోను. కానీ మా అమ్మ పెట్టెలో ఆవిడ చదువుకున్న తెలుగు పుస్తకాలున్నాయి మాస్టారూ, వాటి అట్టలు చూసి మూసేస్తాను. వినడం తేలికని మీరంటున్నారు. నాకు అదొక్కటే దారి.

గుణుపురం:
అప్పా, మా ఇంట్లోనూ ఇంతే. నేను పేరు రాయగలను, అంతే.

తెలుగు మాస్టారు:
నిన్న రాత్రంతా నిద్ర పట్టలేదు. మీ నాన్నగారి గురించి తెలియక అన్నాను, తప్పు నాదే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. విన్నది విన్నదనే రాయాలన్నది మాత్రం తీసుకోను. అలా రాయకపోతే, అక్షరాలు రానివాళ్లు ఎందరున్నారో ఎవరికీ తెలియదు. మీరు చెప్పేదాకా నాకే తెలియలేదు కదా.

మహేంద్రతనయ:
సరే, చదివినవి రెండు, విన్నవి రెండు అని మారుస్తాను. అయితే నేనడిగింది ఇంకా అలాగే ఉంది. సీతారాముడి చెయ్యి షావుకారు మీదికి ఎందుకు లేవలేదు?

తెలుగు మాస్టారు:
పొద్దున యజ్ఞం మళ్లీ తీశాను. పరజాలో శత్రువు ఎదురుగా కనిపిస్తాడు, ఇల్లూ పొలమూ మింగినవాడు ఫలానా అని వేలు పెట్టి చూపించొచ్చు. యజ్ఞం జరిగే సుందరపాలెంలో అలా కాదు. అప్పు తీర్చమన్నది పంచాయితీ, తీర్పు చెప్పింది ఊరి పెద్ద శ్రీరాములునాయుడు, ఆయన మంచివాడని ఊరంతా నమ్ముతుంది, సీతారాముడి తండ్రి అప్పల్రాముడూ నమ్ముతాడు. అందరూ ధర్మమే మాట్లాడుతుంటే ఎవరి మీద గొడ్డలి ఎత్తుతాడమ్మా? ఆ పంచాయితీ ఘట్టం ఇంకోసారి వినండి, నాయుడు మాట్లాడేటప్పుడు మధ్యలో ఎవరు నోరు విప్పుతున్నారో చూడండి. విన్నాక రాయండి, నేనిక్కడే ఉంటాను.