ప్యూర్టోరికో స్టాల్: ప్యానెళ్లు, గండూలె (కందుల) అన్నం, సామాను (హవాయిలోని హోనొలులు వాలంటీర్లకి)

ప్యానెళ్ల టీం: కరీబియన్ దీవి ప్యూర్టోరికో నుంచి హవాయికి జనం ఎలా వచ్చారో చెప్పడానికి మూడు ప్యానెళ్లు చాలు. ఒక్కోదాంట్లో 80 మాటలు దాటితే ఎవరూ నిలబడి చదవరు. మొదటిది ప్యూర్టోరికన్ల కంటే ముందే ఇక్కడికొచ్చిన మెక్సికన్ పశుకాపరులది. 1793లో ఇంగ్లీషు నావికుడు వాంకూవర్ తెచ్చిచ్చిన పశువులు అడవిపట్టి పోయాక, వాటిని పట్టడం నేర్పడానికి హవాయి రాజు మూడవ కమేహమేహా 1830లలో వీళ్లని రప్పించాడు. బొమ్మ, రెండు వాక్యాలు, అంతే.

అసలు ప్యానెల్ రెండోది. 1899 ఆగస్టు 8న శాన్ సిరియాకో తుఫాను ప్యూర్టోరికో కాఫీ తోటల్ని తుడిచిపెట్టింది. ఇక్కడ చెరకు దొరలకి కూలీలు కావాలి. 1898లోనే ప్యూర్టోరికో, హవాయి రెండూ అమెరికా చేతికొచ్చాయి కాబట్టి తరలింపు తేలికైంది. 1900 నవంబరు 22న మొదటి జట్టు బయల్దేరింది. 114 మందిలో డిసెంబరు 23న హోనొలులులో దిగింది 56 మందే. ఈ రెండు అంకెలూ పెద్దక్షరాల్లో వెయ్యండి. మిగతావాళ్లలో చాలామంది కాలిఫోర్నియాలోనే ఓడెక్కమని మొరాయించారు. 1901 అక్టోబరుకి వచ్చినవాళ్లు 5,000 దాటారు.

మ్యాప్ చూసేవారు: డ్రాఫ్టులో బాణం పనామా మీదుగా పోతోంది అన్నయ్యా, తీసెయ్యండి. ఆ కాలువ తెరిచింది 1914లో. న్యూ ఆర్లీన్స్ దాకా ఓడ, అక్కణ్ణుంచి పడమటి తీరానికి రైలు, మళ్లీ ఓడ. రైలు దారిని చుక్కల గీతగా చూపిద్దాం.

ప్యానెళ్ల టీం: మారుస్తాం. మూడోది ఓటు హక్కు: 1917లో ప్యూర్టోరికన్లకి పౌరసత్వం వచ్చినా ఇక్కడి గుమాస్తా ఓటరుగా నమోదు చెయ్యనన్నాడు. మాన్యుయెల్ ఒలివియేరి సాంచెజ్ అనే ప్యూర్టోరికన్ కోర్టుకెక్కి, హవాయి సుప్రీంకోర్టులో గెలిచాడు. ప్రింటు మ్యాట్ ఫినిష్‌లోనే. నిగనిగలాడే కాగితం ఎండలో చదవలేం. ఫోమ్ బోర్డు గాలికి ఎగురుతుంది, ఒక్కో స్టాండుకి రెండు ఇసుక సంచులు.

వంట: 100 చిన్న కప్పులకి మీడియం గ్రెయిన్ బియ్యం 3 కిలోలు, గండూలె డబ్బాలు (425 గ్రాములవి) 8. గండూలె అంటే మన కందులే. మన దేశం నుంచి ఆఫ్రికా చేరి, అటునుంచి కరీబియన్‌కి వెళ్లిన పంట. అది మూడో ప్యానెల్ కింద ఒక లైను వెయ్యొచ్చు, మనవాళ్లు ఆగి చూస్తారు. రంగుకి జాఫ్రా గింజలు అర కప్పు, నూనె కప్పున్నర. సన్నసెగ మీద నూనె నారింజరంగు తిరగ్గానే వడకట్టాలి. గింజలు నల్లబడితే చేదు, మళ్లీ మొదటికి రావాల్సిందే. డబ్బాల్లో నీళ్లు పారబొయ్యకుండా ఎసరు కొలతలో కలపండి, అదనంగా పోస్తే ముద్దవుతుంది. రెండు గిన్నెల్లో వండాలి, ఒక్కదాంట్లో అయితే అడుగు మాడి పైన పలుకు. అసలు పద్ధతిలో పంది మాంసం పడుతుంది. రెండో గిన్నె శాకాహారం, గరిటె వేరే, చీటీ అంటించాలి.

ఒక వాలంటీర్: అక్కా, పాస్టెలె (అరటికాయ తురుము పొట్లాలు) కూడానా?

వంట: వద్దమ్మా. పచ్చి అరటికాయ తురిమి, ఆకుల్లో చుట్టి, గంట ఉడకబెట్టాలి. తురుము నల్లబడకుండా అంతమందికి చెయ్యాలంటే ఆరుగురు కావాలి, ఉన్నది ముగ్గురం. రుచికి పంచినా, అమ్మినా ముందు ఆరోగ్య శాఖని అడిగి, అనుమతి కావాలంటే తీసుకోవాలి. ఆ కాగితం పని ఎవరు చూస్తారు?