రేవు నీటిలో పడవల రంగులు కెమెరాకు ఎందుకు చిక్కడం లేదు?

ప్రశ్న (పంటు ప్రయాణికుడు):
నమస్కారమండి. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఎదురుచూస్తూ, గట్టున కట్టిన పడవల నీలం, ఎరుపు, పసుపు రంగులు వశిష్ఠ గోదావరి తరగల మీద ముక్కలై మళ్లీ అతుక్కోవడం గమనించి, పడవను వదిలేసి ఆ నీటిని మాత్రమే ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. చూసినవారికి అది ఏమిటో తెలియకపోయినా ఫరవాలేదు, రంగూ కదలికా అందితే చాలునన్నది నా ఉద్దేశం. అయితే శ్రావణం నుంచి సుమారు 400 ఫొటోలు తీసినా, కంటికి పట్టుచీర అంచులా మెరిసినది తెర మీద మడ్డినీళ్లలా కనిపిస్తోంది. ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూనే ఉంటుంది. పోలరైజర్ ఫిల్టరు బిగించమని దుకాణంలో చెబితే బిగించాను. ఫొటోలు ఇంకా చప్పబడ్డాయి. మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో, రేవు పై మెట్టు మీద నిలబడి, 1/125 సెకను షట్టరుతో తీస్తున్నాను. లోపం లెన్సుదా, నాదా?

జవాబు 1 (లాకుల గట్టు):
లెన్సును అనుమానించకండి. ముందుగా ఆ ఫిల్టరు సంగతి చూద్దాం. నీటి మీద పడి తిరిగివచ్చే కాంతిని అణచడమే దాని పని. నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల వాలులో చూస్తున్నప్పుడు దానిని ఒక వైపుకు తిప్పితే ప్రతిబింబం దాదాపు పూర్తిగా మాయమవుతుంది. అంటే మీరు దేనికోసం వెళ్లారో దానినే తుడిచేస్తున్నారు. తీసి సంచిలో వేయండి.

రెండో సంగతి మీరు నిలబడే చోటు. నిట్టనిలువుగా కిందికి చూస్తే నీరు కాంతిలో కేవలం 2 శాతాన్నే తిప్పి పంపుతుంది. చూపు నీటికి 20 డిగ్రీల వాలులోకి దిగితే అది 13 శాతానికి చేరుతుంది, ఇంకా వాలితే మరింత పెరుగుతుంది. కాబట్టి పై మెట్టు వదిలి, బట్టలు తడిసినా సరే, అడుగు మెట్టు మీద కూర్చోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది వెలుగు దిశ. మీ రేవు వశిష్ఠకు తూర్పు గట్టున ఉంది గనుక, మధ్యాహ్నం 2 గంటలకు సూర్యుడు మీకు ఎదురుగా ఉంటాడు. పడవలో మీకు కనిపించే వైపు నీడలో పడిపోతుంది, నీరు మాత్రం ఎండలో ఉంటుంది. వరద రోజుల ఎర్రనీటిలోని ఒండ్రు ఆ ఎండను పట్టుకుని తన రంగును ప్రతిబింబం మీద కలిపేస్తుంది. మీరన్న మడ్డి అదే. ఉదయం 7 గంటలకు వెళితే పరిస్థితి తలకిందులవుతుంది: గట్టు మీది కొబ్బరిచెట్ల నీడ దగ్గరి నీటి మీద పడి ఒండ్రు వెలుగును ఆర్పేస్తుంది, అవతలి పడవకు మాత్రం నేరుగా ఎండ తగులుతుంది. సముద్రపు గాలి కూడా అప్పటికి లేవదు.

జవాబు 2 (కొబ్బరి నీడ):
పై మాటలన్నీ నిజమే కానీ ఫోకస్ విషయం మిగిలిపోయింది. నిశ్చలమైన నీటిలో పడవ ప్రతిబింబం నీటి మీద ఉండదు. కెమెరా నుంచి నీటి వరకు, అక్కడి నుంచి పడవ వరకు ఉన్న మొత్తం దూరంలో ఉన్నట్లు లెన్సుకు తోస్తుంది. తరగలున్నప్పుడు ఒక్కొక్క తరగ వంపు అద్దంలా పనిచేసి చిన్న బొమ్మలను నీటి మట్టానికి దగ్గరగానే చూపుతుంది. ఈ రెండింటి మధ్య ఆటోఫోకస్ తికమకపడుతుంది. నేను కొట్టుకువచ్చే గుర్రపుడెక్క ఆకు మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 దగ్గర ఉంచుతాను.

షట్టరు విషయంలో 1/125 అటూ ఇటూ కానిది. రంగుల అంచులు తెగినట్లు కావాలంటే 1/1000, కుంచె ఈడ్చినట్లు కావాలంటే 1/15. నా మొగ్గు మొదటి దానికే, ఎందుకంటే తరగ 5 డిగ్రీలు వాలితే ప్రతిబింబం 10 డిగ్రీలు జరిగి, పడవ ఎరుపు పక్కనే ఆకాశపు నీలం వచ్చి కూర్చుంటుంది. షట్టరు నెమ్మదిస్తే ఆ రెండూ కలిసి బూడిదరంగవుతాయి. 1869లో ఫ్రెంచి చిత్రకారుడు మోనే, సేన్ నది ఒడ్డున ఉన్న లా గ్రెనుయెర్ అనే విహారస్థలం దగ్గర నీటిని చిత్రించినప్పుడు కూడా రంగులను కలపకుండా పట్టీలుగానే పక్కపక్కన పెట్టాడు.

జవాబు 3 (కనుమ తీర్థం):
నెమ్మది షట్టరును అంత తేలికగా కొట్టివేయకండి. కనుమనాడు కోనసీమలోని గంగలకుర్రు ప్రభలను (రంగుల బట్టలతో అలంకరించిన ఎత్తైన దేవుడి కట్టడాలను) భుజాల మీద కౌశిక కాలువ దాటించేటప్పుడు నీరంతా మనుషుల కదలికతో అల్లకల్లోలమవుతుంది. అక్కడ 1/1000తో తీస్తే ముక్కలు తప్ప ఏమీ మిగలవు, 1/15 అయితే ప్రభల రంగులు పొడవాటి దారాల్లా సాగుతాయి. వేగాన్ని నీరు నిర్ణయించాలి. కాలువల్లో తీయాలనుకుంటే దాళ్వా (రెండో పంట) కోతలై కాలువలు కట్టేసేలోపే తీసుకోండి.

పంటు ప్రయాణికుడు:
అందరికీ కృతజ్ఞతలండి. ఆదివారం ఉదయం అడుగు మెట్టు మీద కూర్చుని, ఫిల్టరు లేకుండా, 1/1000తో తీసిన 60 ఫొటోల్లో 3 నిలిచాయి. వాటిలో బాగా వచ్చిన దాని మూలన పడవ మీది అంకె ఒకటి తలకిందులుగా కనిపిస్తోంది. ఉంచాలా, తీసేయాలా?

కొబ్బరి నీడ:
కోసేయండి. అంకె ఉన్నంతసేపు అందరూ ఆ పడవ ఎవరిదని అడుగుతారు. అసలు ఫైలు మాత్రం చెరపవద్దు.