ఎంజీబీ ఎడమ ఇన్నర్ వింగ్‌లో ఈ రెండు బెజ్జాలు దేనికి?

నమస్కారం. బర్మింగ్‌హామ్‌లో మా గ్యారేజీలో 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్‌ను (పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) బాగుచేసుకుంటున్నాను. ఇంజిన్ దించి పాత పెయింట్ గీకితే, ఎడమ ఇన్నర్ వింగ్ (ఇంజిన్ పక్కన, ముందు చక్రం వైపు ఉండే లోపలి రేకు) మీద రెండు గుండ్రటి బెజ్జాలు బయటపడ్డాయి. ఒక్కోటి 8 మి.మీ., మధ్య దూరం 5 సెం.మీ. అంచులు నున్నగా ఉన్నాయి, లోపలి అంచుకు కూడా ఫ్యాక్టరీ ప్రైమరే ఉంది. అంటే తర్వాత ఎవరో డ్రిల్ చేసినవి కావు. నాది కుడి స్టీరింగ్ బండి. అబింగ్డన్‌లోని ఎంజీ ఫ్యాక్టరీలో ఎడమ స్టీరింగ్ బళ్ళు కూడా తయారయ్యేవి కదా, వాటి భాగం ఏదైనా ఇక్కడ బిగించేవారా? వచ్చే వారమే పెయింట్, అదే టెన్షన్. అవసరమైన బెజ్జాన్ని వెల్డింగ్‌తో మూసేస్తానేమోనని భయంగా ఉంది. మీ బండిలో అక్కడ ఏముందో దయచేసి చూసి చెప్పండి, ఫొటో పెడితే ఇంకా మేలు.