కలరాతో పోయినవాళ్లు కరువు లెక్కా, జబ్బు లెక్కా?

డేరావీధి, బరంపురం
మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర సంచికకి మా వీధి చరిత్ర రాస్తూ 1866 కరువు దగ్గర ఆగిపోయాను. ఆ కరువులో ఒడిశాలో సుమారు పది లక్షల మంది పోయారు, అంటే ముగ్గురిలో ఒకరు. ఒడియావాళ్లు 'న-అంక' అంటారు, పూరీ రాజు ఏలుబడి సంవత్సరాల లెక్కలో తొమ్మిదో అంకం కాబట్టి. మా గంజాం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నా దెబ్బ తప్పలేదు. తిండిలేక కొందరు పోతే, అన్నఛత్రాల దగ్గర గుమిగూడి కలరాతో ఎందరో పోయారు. వీళ్లందరినీ ఆకలే చంపిందని రాశాను. మా బావగారు డాక్టరు. "కలరా చంపింది, సరిగ్గా రాయి" అని ఒకటే గొడవ. మీరేమంటారు?

రాయగడ ల్యాబు
మీ బావగారిదే కరెక్టు. 1918 ఇన్‌ఫ్లుయెంజా జ్వరం చూడండి. జూన్‌లో బొంబాయి రేవులో దిగి, చలికాలం వచ్చేసరికి దేశమంతా కమ్మేసింది. కోటి మందికి పైగా పోయారు. ఇప్పటి మన దేశం హద్దుల్లో చూస్తే, 1921 జనాభా లెక్కల్లో జనం 1911 కంటే తగ్గిపోయి కనిపించారు. పోయినవాళ్లలో ఇరవై, నలభై మధ్య వయసువాళ్లే ఎక్కువ, దుక్కల్లాంటి మనుషులు. ఆకలే కారణమైతే ముందు ముసలివాళ్లూ పసివాళ్లూ పోవాలి కదా?

పర్లాకిమిడి మాస్టారు
బాబూ, అదే బొంబాయి, అదే 1918. వెయ్యికి తెల్లవాళ్లు 8 మంది, పార్సీలు 9 మంది పోతే, అట్టడుగు కులాలవాళ్లు 61 మంది పోయారు. సర్కారు వేసిన లెక్కే ఇది. క్రిమికి కులం తెలియదు, నిజమే. ఒకే గదిలో పదిమంది పడుకుంటే దానికి పని సులువు. పైగా ఆ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి.

రాయగడ ల్యాబు
61 ఒప్పుకున్నాను మాస్టారూ. కానీ పేదరికం తీరాకే జబ్బు పోతుందంటే మా కొండల్లో ఇప్పటికీ వణుకుతూనే ఉండేవాళ్లం. 2016లో ఒడిశాలో మలేరియా కేసులు 4.4 లక్షలు. 2017లో 'దమన్' అనే సర్కారు మలేరియా కార్యక్రమం మొదలైంది: జ్వరం ఉన్నా లేకున్నా ఊరందరికీ రక్తపరీక్ష, ఉన్నవాళ్లకి అక్కడే మాత్రలు, మందు పట్టించిన దోమతెరలు. (ఆ తెరలతో చేపలు పట్టినవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ.) 2019కల్లా 40 వేల లోపుకి దిగింది. ఈలోగా ఎవరి దరిద్రం తీరింది? మశూచి కూడా టీకాతోనే పోయింది, అన్నంతో కాదు.

మల్కాన్‌గిరి కోడలు
తమ్ముడూ, అదే 2016లో మా జిల్లాలో వంద మంది దాకా పిల్లలు పోయారు, గుర్తుందా? ముందు మెదడువాపు జ్వరమన్నారు, పందుల్ని ఊరవతలికి తోలించారు. తర్వాత వచ్చిన నిపుణులు, చాలామంది పిల్లలకి బాణా చకుండా విషం ఎక్కిందన్నారు. మన కసింద చెట్టే అది. బక్కచిక్కిన పిల్లలు ఆ విషానికి తట్టుకోలేరట. సరే, మెదడువాపో కసిందో మీరు తేల్చుకోండి. ఆ పిల్లలు కసింద గింజలు ఎందుకు తిన్నారో మీ ల్యాబు రిపోర్టులో ఏ గడిలో రాస్తారు?

డేరావీధి, బరంపురం
ఇదంతా బావగారికి చదివి వినిపించాను. ఆయనా దిగలేదు, నేనూ దిగలేదు. వాక్యం మాత్రం మార్చాను: "ఆకలి జనాన్ని అన్నఛత్రం దాకా నడిపించింది. అక్కడ కలరా పట్టుకుంది." బాగోలేకపోతే ఆదివారం లోపు చెప్పండి, సోమవారం ప్రెస్సుకి ఇచ్చేస్తున్నాను.