అప్‌డేట్: అక్షరదోషాల గురించి అడిగాను కదా, తర్వాత జరిగింది ఇదీ

పోయిన వారం ఒక ప్రశ్న అడిగాను. నాన్న అనారోగ్యం గురించి గ్రూపులో రాస్తే ‘బాధ’కు బదులు ‘భాద’ అని పడింది. వరసగా పదిమంది దాన్నే పట్టుకున్నారు, నాన్న ఎలా ఉన్నారని ఒక్కరూ అడగలేదు. ఇక రాయడం మానేయాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మానలేదు. మీలో ఒకరు చెప్పినట్టు నా పాత పోస్టులన్నీ తీసి చూశాను. తప్పులు ఎక్కువగా ఒత్తక్షరాల దగ్గరే. ‘భాద’ ఇంకో మూడుచోట్ల ఉంది. ‘విద్యార్థి’ కాస్తా ‘విధ్యార్ధి’ అయింది. సగం అనే ‘అర్ధం’, భావం అనే ‘అర్థం’ రెండిటికీ ఒకటే రాసేశాను. ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేసి, కీబోర్డు చూపించే మొదటి మాటనే నొక్కేస్తున్నానని అప్పుడు తెలిసింది. ఇప్పుడు పోస్ట్ చేసేముందు నెమ్మదిగా పైకి చదువుతున్నాను. కంటికి కనబడని ఒత్తు నోటికి దొరుకుతోంది.

దిద్దినవాళ్ల మీద కోపం లేదు. కానీ ఒకావిడ విడిగా మెసేజ్ పెట్టారు. ముందు “నాన్నగారికి ఇప్పుడెలా ఉందండీ?” అని, దాని కిందే “బాధలో ఒత్తు రెండో అక్షరానికండీ” అని. ఆవిడ చూపించిందీ ఆ పదిమంది పట్టుకున్న తప్పునే, అయినా మనసుకు పట్టింది. అందరి ముందు నవ్వు ఎమోజీలు పెట్టి దిద్దితే, ఇప్పుడిప్పుడే తెలుగులో రాస్తున్నవాళ్లు మళ్లీ ఇంగ్లిష్ అక్షరాల్లోకి వెళ్లిపోతారు. మా గ్రూపులోనే ఇద్దరు అలా వెళ్లిపోయారు, వాళ్లిద్దరికీ ఈ రోజు మెసేజ్ చేశాను.

నాన్న మొన్న ఇంటికొచ్చేశారు.